జాబు రాసే జాబు

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం, సర్వర్ల మీద పనిచేసేవాళ్లూ కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలూ కలిసిన చోట చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని ఇప్పుడే చెప్పారు. ఆదివారం నిద్ర మానుకుని వచ్చారు. రేపు ఆఫీసుకెళ్లగానే పనికొచ్చే మాట ఒక్కటైనా మీకు చెప్పి పంపాలని నా కోరిక.

తెల్లవారుజామున కొండమీద సుప్రభాతం మొదలయ్యే వేళకు కింద మన ఊళ్లో సర్వర్లన్నీ పనిలో ఉంటాయి. లాడ్జీ వాళ్ల సర్వర్ నిన్నటి గదుల లెక్క కడుతుంటుంది. ఆస్పత్రి సర్వర్ బ్యాకప్ తీస్తుంటుంది. కాలేజీలో హాజరు పట్టీ తయారవుతుంటుంది. ఇవన్నీ ఎవరూ చూడని వేళ జరిగే పనులు. ఎవరూ చూడకూడదనే ఆ వేళ పెట్టుకుంటాం. అయితే పని సరిగ్గా జరగనప్పుడు ఆ మాట ఎవరికి చెప్పాలి? ఇవాళ నేను మాట్లాడేది ఆ ఒక్క విషయం మీదే.

మనమంతా ఈ రాత్రి పనుల్ని జాబ్‌లు అంటాం. తెలుగులో జాబు అంటే ఉత్తరం. నాకు ఈ రెండు మాటలూ ఒకచోట కలవడం చాలా ఇష్టం. ఎందుకంటే క్రాన్ అనే ప్రోగ్రాము చేసేది నిజంగా అదే. చెప్పిన వేళకు పని మొదలుపెడుతుంది, ఆ పని ఏదైనా మాట్లాడితే దాన్ని ఉత్తరంగా కట్టి యజమానికి పంపుతుంది. పని మౌనంగా ముగిస్తే ఉత్తరం రాయదు. క్రాన్ 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. ఇవాళ డెబియన్, ఉబుంటు లినక్సుల్లో మనం వాడేది 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ సంతతి. రెడ్‌హ్యాట్ వైపు ఉండే క్రోనీ కూడా ఆ చెట్టు కొమ్మే. విక్సీ నాటి నుంచి ఎన్నో మారాయి కానీ, ఉత్తరం రాసే ఆ పద్ధతి మాత్రం మారలేదు.

ఇక నా కథ చెబుతాను. చాలా ఏళ్ల కిందటిది. చిత్తూరుకు దగ్గర్లో ఒక పాల డైరీలో సర్వర్లు చూసేవాణ్ణి. పేరు వద్దు. ఊరూరా పాల సేకరణ కేంద్రాలు ఉండేవి. పొద్దున, సాయంత్రం రైతు పాలు పోస్తే మిషను వెన్న శాతం చూసి ఒక చీటీ ఇస్తుంది. రాత్రి ఆ కేంద్రాల ఫైళ్లన్నీ మా సర్వర్‌కు వచ్చేవి. 2 గంటల 15 నిమిషాలకు నేను రాసిన స్క్రిప్టు లేచి వాటిని డేటాబేసులో వేసేది. పదిరోజులకోసారి బిల్లు.

ఆ స్క్రిప్టు మంచిదే. కేంద్రం కేంద్రానికీ "ఫైలు ఎక్కింది" అని ఒక లైను చెప్పేది. క్రాన్ ఆ లైన్లన్నీ కట్టకట్టి రోజూ నాకు మెయిల్ పంపేది. మొదటి వారం చదివాను. రెండో వారం తెరిచి మూసేశాను. మూడో వారం విసుగొచ్చింది. ఏ వేళకు ఏ పనో రాసిపెట్టే ఫైలు, క్రాన్‌టాబ్, తెరిచి ఆ స్క్రిప్టు లైను చివర ఇంత ముక్క తగిలించాను:

15 2 * * * /ఆప్ట్/పాలలెక్క > /డెవ్/నల్ 2>&1

డెవ్ నల్ అంటే ఏది వేసినా మాయమైపోయే చోటు. మీలో చాలామంది చేతులు ఈ ముక్కను కళ్లు మూసుకుని కొడతాయి. నా చేతులూ అలాగే కొట్టాయి. ఆ తరవాత కొన్ని నెలలకు ఎవరో డేటాబేసు పాస్‌వర్డు మార్చారు. ఆ రాత్రి నుంచి నా స్క్రిప్టు 2.15కు లేవడం, "యాక్సెస్ డినైడ్" అనడం, పడుకోవడం. తొమ్మిది రాత్రులు చెప్పింది. తొమ్మిది రాత్రులూ ఆ మాట డెవ్ నల్‌లో పడింది.

బిల్లులు వెళ్లిన రోజు పొద్దున్నే ఫోను మీద ఫోను. నేను పాలు చల్లబరిచే కేంద్రం దగ్గరికి వెళ్లేసరికి గేటు ముందు జనం. ఒక పెద్దావిడ ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది. అందులో చీటీలు. తడిసి, ఆరి, మడతల దగ్గర అక్షరాలు పోయిన చీటీలు. ఒక్కోటీ విప్పి నా అరచేతిలో పెట్టింది. "పది దినాలు పోసినా నాయనా. బిల్లులో ఒగ దినందే ఉండాది. తక్కిన పాలు యాడికి పోయినట్ల?" అనింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. దాణా అంగట్లో బాకీ ఉందని, ఆ రోజు కడతానని చెప్పి వచ్చానని అనింది.

పాల లెక్క పోలేదు. కేంద్రాల మిషన్లలో ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. మళ్లీ ఎక్కించాం, బిల్లులు మళ్లీ వేశాం. కానీ డబ్బు చేతికందడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు ఆమె ఆ అంగడి ముందు నుంచి ఎట్లా నడిచి ఉంటుందో నేను చాలాసార్లు అనుకున్నాను.

తప్పు పాస్‌వర్డు మార్చినవాళ్లది కాదు. పాస్‌వర్డులు మారతాయి. డిస్కులు నిండుతాయి. నెట్‌వర్కు పోతుంది. అవన్నీ మామూలే. మంచిమాటల గోల భరించలేక నేను చెడ్డమాట నోరు కూడా కట్టేశాను. అదీ తప్పు.

ఇప్పుడు ఆ నోళ్లు ఎన్ని ఉన్నాయో చూద్దాం. యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతో మూడు దారులుంటాయి. సున్నా నంబరుది లోపలికొచ్చేది. ఒకటోది మామూలు అవుట్‌పుట్. రెండోది ఎర్రర్లకు. ఈ రెండోది మొదట్లో లేదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టర్ అని అచ్చక్షరాలు కూర్చే మిషను ఉండేది. పత్రాలు దానికి పంపి, అది ముగించేదాకా ఆగి, ఆ కాగితాన్ని రసాయనాల్లో కడిగి చూస్తే, దాని మీద అందంగా కూర్చిన అక్షరాల్లో "ఫైలు తెరవలేకపోయాను" అని ఎర్రర్ మెసేజీ ఉండేదట. అలా కొన్నిసార్లు శ్రమంతా వృథా అయ్యాక, ఎర్రర్లకు వేరే దారి ఉండాలని స్టాండర్డ్ ఎర్రర్ పెట్టారు. పిల్లలు ఈ కథ గుర్తుపెట్టుకోవాలని నా ఆశ. సరుకు ఒక దారిలో పోవాలి, కష్టం చెప్పుకునే మాట ఇంకో దారిలో పోవాలి అని పెద్దవాళ్లు కష్టపడి విడదీసిన రెండు దారుల్ని మనం 2>&1 అని రెండు సెకన్లలో మళ్లీ కలిపేస్తున్నాం.

కలపడం తప్పని నేననను. ఏం చేస్తున్నామో తెలిసి కలపాలి. ఈ ముక్క చాలామందికి మంత్రంలాగా తెలుసు, అర్థం తెలియదు. పొలం తెలిసినవాళ్లకు ఒక్క నిమిషంలో చెప్తాను. రెండు కాలవలు ఉన్నాయి అనుకోండి. 2>&1 అంటే, రెండో కాలవకు మడవ తిప్పి, ఒకటో కాలవ ఈ క్షణంలో ఏ మడిలోకి పారుతోందో ఆ మడిలోకే పారించు అని. "ఈ క్షణంలో" అన్నది ముఖ్యం. కమాండ్లు చదివి నడిపించే షెల్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ మడవలు తిప్పుతుంది.

> లాగ్‌ఫైల్ 2>&1

ఇక్కడ ముందు ఒకటో కాలవను, జాబు మాటలు రాసిపెట్టే లాగ్‌ఫైల్ మడికి తిప్పారు. తరవాత రెండోదాన్ని కూడా అక్కడికే. రెండూ లాగ్‌లో పడతాయి. అదే తిరగేసి రాస్తే?

2>&1 > లాగ్‌ఫైల్

రెండోదాన్ని తిప్పేటప్పటికి ఒకటోది ఇంకా క్రాన్ వైపే పారుతోంది. కాబట్టి రెండోది క్రాన్ వైపే పోయింది. ఆ తరవాత ఒకటోదాన్ని లాగ్‌కు తిప్పినా, రెండోది దాని వెంట రాదు. నీళ్లు ఒకసారి తిరిగాక కాలవ పాత ఒప్పందాలు గుర్తుపెట్టుకోదు. అవుట్‌పుట్ లాగ్‌లో, ఎర్రర్లు మెయిల్‌లో పడతాయి. కొన్నిచోట్ల మనకు కావలసింది సరిగ్గా ఇదే కావచ్చు. అప్పుడు > లాగ్‌ఫైల్ అని ఒక్కటే రాస్తే సరిపోతుంది, ఆ రెండో ముక్క అక్కర్లేదు.

ఇంకో పొరపాటు చెప్తాను, ఇది చూడ్డానికి చిన్నది గానీ మనిషిని రోజంతా తిప్పుతుంది. బ్యాష్ అనే షెల్‌లో &> అని రాస్తే రెండు దారులూ ఫైలుకు పోతాయి. టెర్మినల్‌లో కొట్టి చూస్తారు, బాగా పనిచేస్తుంది, క్రాన్‌టాబ్‌లో పెడతారు. క్రాన్ అలవాటుగా వాడేది బిన్‌లో ఉండే ఎస్‌హెచ్. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఎస్‌హెచ్ బ్యాష్ కాదు, డ్యాష్. డ్యాష్‌కు &> తెలియదు. అది దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. & అంటే, పనిని వెనక్కి నెట్టి నడిపించు అని. ఆ తరవాత మిగిలింది ఉత్త > లాగ్‌ఫైల్. అంటే ఆ ఫైలును ఖాళీ చెయ్యి అని! పని నడుస్తుంది, దాని మాటలు లాగ్‌లోకి రావు, నిన్నటి లాగ్ కూడా తుడుచుకుపోతుంది. ఇంత జరిగినా ఒక్క ఎర్రర్ మెసేజీ రాదు. నేను దీన్ని ఒక కుర్రవాడి సర్వర్‌లో చూశాను. పాపం వాడు మూడు రోజులుగా స్క్రిప్టులో తప్పు వెతుకుతున్నాడు. స్క్రిప్టులో తప్పే లేదు.

టెర్మినల్‌కూ క్రాన్‌కూ ఉండే తేడాలు ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పి వెళ్తాను. కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ క్రాన్‌లో చాలా చిన్నగా ఉంటుంది, మామూలుగా రెండే డైరెక్టరీలు. అందుకని కమాండ్లకు పూర్తి దారి రాయండి. క్రాన్‌టాబ్ లైనులో శాతం గుర్తు, అదే %, మామూలు అక్షరం కాదు. మొదటి % దగ్గర కమాండు ముగిసిపోతుంది, ఆ తరవాతిదంతా దానికి ఇన్‌పుట్‌గా పోతుంది. లాగ్ పేరులో తేదీ పెట్టుకుందామని % రాస్తారు, షెల్‌కు సగం లైనే అందుతుంది, బ్రాకెట్టు మూసుకోలేదని అది అక్కడే ఆగిపోతుంది. % ముందు \ పెట్టాలి. అంతకన్నా మంచి పని, తేదీ గీదీ అన్నీ స్క్రిప్టులో పెట్టి, క్రాన్‌టాబ్‌లో స్క్రిప్టు పేరొక్కటే ఉంచడం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇలా షెల్ దగ్గరే ఆగిపోయిన తప్పు మీ లాగ్‌ఫైల్‌లోకి రానే రాదు. ఎందుకంటే మడవ తిప్పేలోపే షెల్ పడిపోయింది. లాగ్ పెట్టాల్సిన డైరెక్టరీ లేకపోయినా అంతే. ఫైలు తెరవలేకపోతే షెల్ మీ పనిని అసలు మొదలే పెట్టదు. ఆ మాట చెప్పడానికి మిగిలిన దారి క్రాన్ రాసే మెయిల్ ఒక్కటే. నాకు లాగ్ ఉంది, మెయిల్ దేనికి అనేవాళ్లకు నా జవాబు ఇది.

సరే, మెయిల్. క్రాన్‌టాబ్ పైన మెయిల్‌టు అని ఒక లైను రాసి చిరునామా ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే ఆ క్రాన్‌టాబ్ ఎవరిదో ఆ యూజర్‌కు పోతుంది. సర్వర్ మొత్తానికి పెద్ద అయిన రూట్ యూజర్‌దైతే రూట్‌కు. రూట్ మెయిల్ ఎవరు చదువుతారు? మీ సర్వర్‌లో ఇవాళ రూట్ మెయిల్‌బాక్సు తెరిచి చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఉత్తరాలు ఉండొచ్చు. ఇంకో సంగతి, సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేకపోతే? ఇప్పటి క్లౌడ్ మిషన్లలో చాలావాటిలో ఉండదు. అప్పుడు క్రాన్ సిస్టమ్ లాగ్‌లో, అంటే సిస్‌లాగ్‌లో, ఒక్క లైను రాస్తుంది, "నో ఎమ్‌టీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్" అని. అంటే, ఉత్తరం రాశాను, పోస్టాఫీసు లేదు, చించేశాను అని. ఆ లైను మీ లాగ్‌లో ఉందేమో ఇవాళే వెతకండి. అది ఉందంటే, ఏదో ఒక జాబు మీతో ఏదో చెప్పబోయింది.

మెయిల్ పెట్టుకున్నాం, ఇక చాలు అనుకుంటే కూడా చాలదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడు దాచుకునే గిట్‌ల్యాబ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు సర్వర్‌లోనే డేటా డైరెక్టరీ తుడిచేశాడు. ఆపేసరికి 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్ తెద్దామని చూస్తే, అవి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. డేటాబేసు 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్. ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతూ వచ్చింది. ఆగినప్పుడల్లా క్రాన్ మెయిల్ కూడా పంపింది! ఆ మెయిళ్లకు డీమార్క్, అంటే మెయిల్ నిజంగా ఆ సంస్థదేనా అని తేల్చే ఏర్పాటు, పెట్టలేదని, తీసుకోవాల్సిన మెయిల్ సర్వర్ తోసిపుచ్చింది. ఎవరికీ చేరలేదు. ఆరుగంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిపెట్టుకున్న కాపీ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరుగంటల డేటా పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు అని వాళ్లే లెక్క చెప్పారు. జరిగిందంతా వాళ్లు దాచకుండా రాసి పెట్టారు. ఆ నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. అది రాయబట్టే ఇవాళ నేను ఇక్కడ మీకు చెప్పగలుగుతున్నాను.

అందుకని మెయిల్ పెట్టుకున్నాక ఒకసారి పరీక్ష చెయ్యండి. కావాలని తప్పిపోయే జాబు ఒకటి పెట్టండి. లేని ఫైలును చదవమని చెప్పండి చాలు. ఆ ఉత్తరం మీ ఫోనుకు, మీరు నిజంగా చూసే పెట్టెకు వచ్చిందా లేదా కళ్లారా చూడండి. నెలకోసారి చెయ్యండి.

ఇప్పుడు అసలు చిక్కు. మంచి మాటల గోల వద్దు, చెడ్డ మాట తప్పకుండా వినాలి. ఎలా?

స్క్రిప్టు చేతిలో ఉంటే, బాగా జరిగినప్పుడు నోరెత్తకుండా రాయండి. యూనిక్స్ పాత మర్యాద అది. మన చేతిలో లేని ప్రోగ్రామైతే, మోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో క్రానిక్ అని ఒక చిన్న కమాండు ఉంది. క్రాన్‌టాబ్‌లో మీ కమాండు ముందు క్రానిక్ అని రాస్తే, అది జాబు మాటలన్నీ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. జాబు బాగా ముగిస్తే వాటిని పారేస్తుంది. తప్పితే మొత్తం, మొదటి లైను నుంచి చివరిదాకా, క్రాన్ చేతికిస్తుంది. ఆ పాల డైరీ రోజుల్లో నాకు ఇది తెలిసి ఉంటే ఆ తొమ్మిది రాత్రుల్లో మొదటిదే నాకు అందేది. 

బాగా ముగిసిందో లేదో క్రానిక్‌కు ఎలా తెలుస్తుంది? ఎగ్జిట్ కోడు. సున్నా అయితే సరే, ఇంకేదైనా తప్పు. క్రాన్ తనంతట తాను ఈ కోడు చూసి మెయిల్ పంపదు, అవుట్‌పుట్ ఉందా లేదా అన్నదే చూస్తుంది. మాట్లాడకుండా కూలిపోయిన జాబు క్రాన్ కంటికి ఆనదు. కాబట్టి మీ స్క్రిప్టు నిజమైన కోడు ఇవ్వాలి. బ్యాష్ స్క్రిప్టు పైన సెట్ మైనస్ ఈ పెట్టండి, ఏదైనా కమాండు తప్పితే అక్కడే ఆగుతుంది. లేకపోతే డేటాబేసు కాపీ తీసే డంప్ తప్పినా, ఆ తరవాతి లైనులో పాత ఫైళ్లు తుడిచే కమాండు చక్కగా నడిచి, స్క్రిప్టు సున్నా ఇచ్చి వెళ్లిపోతుంది. పైప్‌ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఒక కమాండు అవుట్‌పుట్‌ను నేరుగా ఇంకోదానికి ఇచ్చే దారి పైప్. డంప్‌ను పైప్‌లో, ఫైళ్లు కుదించే జీజిప్‌కు ఇస్తాం. డంప్ మధ్యలో తెగిపోయినా జీజిప్ వచ్చినంతవరకు మూటగట్టి సున్నా అంటుంది, పైప్ మొత్తానికి ఆ చివరి సున్నానే లెక్క. పైప్‌ఫెయిల్ అనే సెట్టింగు పెడితే మధ్యలో ఎవరు తప్పినా తప్పే అవుతుంది. బ్యాకప్ రాసేవాళ్లు ఈ ఒక్కటి మరిచిపోకండి. 20 బైట్ల జీజిప్ ఫైళ్లు రోజుకొకటి చొప్పున వరసగా పేర్చి ఉండటం నేను చూశాను. పేర్లు చూస్తే ఎంత ముచ్చటగా ఉన్నాయో! లోపల ఏమీ లేదు.

లాగ్ కూడా ఉంచుకోండి. ఒక్క > కాదు, >> రాయండి, నిన్నటిది ఉండాలి. ప్రతి లైనుకూ వేళ పడాలి. అదే ప్యాకేజీలో టీఎస్ అనే కమాండు ఆ పని చేస్తుంది. లాగర్ కమాండుతో సిస్‌లాగ్‌కైనా పంపొచ్చు. పెరిగే ఫైలును, పాత లాగ్‌లను తీసేసే లాగ్‌రొటేట్‌కు అప్పజెప్పండి. అప్పజెప్పకపోతే ఒకరోజు లాగ్‌లు ఉండే వార్ పార్టిషను నిండుతుంది, ఆ రోజు అన్ని జాబులూ కలిసే ఆగుతాయి. నిండటమంటే జీబీలే కాదు. వెబ్‌సైటు పేజీ ఒకటి అయిదు నిమిషాలకోసారి డబ్ల్యూగెట్‌తో తట్టమని క్రాన్‌లో పెడతారు. అది తట్టిన ప్రతిసారీ పేజీని హోం డైరెక్టరీలో కొత్త ఫైలుగా దించుతుంది. రోజుకు 288 ఫైళ్లు. రెండేళ్లయితే రెండు లక్షలు దాటుతాయి. డిస్కులో చోటుంటుంది, ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున పట్టే లెక్క గళ్లు, ఉండవు. "చోటు లేదు" అని ఎర్రర్ వస్తుంది, చూస్తే సగం ఖాళీగా కనిపిస్తుంది. అలాంటప్పుడు డిస్కు చోటు చూపే డీఎఫ్‌ కమాండుకు మైనస్ ఐ తగిలించి చూడండి.

ఇంతవరకూ జాబు నడిచి, తప్పిపోయిన సంగతి. అసలు నడవకపోతే?

2021 నవంబరు వానలు ఇక్కడున్న అందరికీ గుర్తే. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. నాకు తెలిసిన ఒకచోట ఆ రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, సర్వర్ పడిపోయింది. పొద్దున కరెంటు వచ్చాక లేచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాత్రి రెండుకు నడవాల్సిన పని ఏమైంది? క్రాన్ తప్పిపోయిన వేళను వెనక్కి తిరిగి చూడదు. ఎర్రర్ లేదు, మెయిల్ లేదు, ఏ కోడూ లేదు. పని మొదలే కాలేదు కాబట్టి చెప్పుకోడానికి నోరే లేదు. రోజుకోసారి నడిచే పనులైతే అనాక్రాన్ ఆ లోటు పూడుస్తుంది. క్రాన్‌లాగే వేళకు పనులు నడిపించే సిస్టమ్‌డీ టైమర్లలో పర్సిస్టెంట్ అని ఒక సెట్టింగు ఉంది, అది ట్రూ అయితే మిషను లేచాక తప్పిన పనిని నడిపిస్తుంది.

కానీ క్రాన్ సర్వీసే ఆగిపోతే, మిషనే మళ్లీ లేవకపోతే, ఆ మిషను మనకేమీ చెప్పలేదు. అందుకని ముఖ్యమైన జాబులకు లెక్క తిరగేయాలి. తప్పితే చెప్పమనడం కాదు, బాగా జరిగితే గుర్తు పెట్టమనాలి. జాబు చివర, అంతా అయ్యాక, ఒక ఫైలును టచ్ కమాండుతో ముట్టి, దాని వేళ మార్చండి. ఇంకో మిషను మీద ఇంకో చిన్న జాబు పెట్టి, ఆ ఫైలు వయసు 26 గంటలు దాటిందేమో చూడమనండి. దాటితే ఫోను మోగాలి. ఇరవై నాలుగు కాకుండా ఇరవై ఆరు ఎందుకంటే, ఒక్కోరోజు పని కాస్త ఎక్కువ సేపు పడుతుంది, ఆ మాత్రానికి ఎవరినీ నిద్ర లేపకూడదు. పల్లెల్లో ఇది ఉన్నదే. ఒంటరిగా ఉండే ముసలమ్మ పొద్దున వాకిట ముగ్గు వేయకపోతే పక్కింటివాళ్లు వెళ్లి తలుపు తడతారు. ఆమె పిలిచేదాకా ఆగరు.

పక్కింటివాళ్లు అన్నాను చూడండి, అది మరవకండి. కాపలా ఉండే మిషను వేరేది కావాలి.

సిస్టమ్‌డీ టైమర్ల గురించి అడుగుతారని తెలుసు. నాకు అవి నచ్చుతాయి. జాబు మాట్లాడిన ప్రతి మాటా సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌లోకి దానంతటదే పోతుంది, వేళతో సహా. తప్పిన యూనిట్లు సిస్టమ్‌సీటీఎల్‌లో ఎర్రగా కనిపిస్తాయి. ఆన్‌ఫెయిల్యూర్ అని ఒక లైను రాసి, తప్పితే ఏ సర్వీసు నడవాలో చెప్పొచ్చు. అది మీకు మెసేజీ పంపుతుంది. అయితే ఆ లైను మీరు రాయాలి. రాయకపోతే క్రాన్ రాసే ఆ పాత ఉత్తరం కూడా ఉండదు. టైమర్‌కు మారి మెయిల్ పోగొట్టుకుని, ఆన్‌ఫెయిల్యూర్ పెట్టుకోనివాళ్లు మునుపటి కన్నా చీకట్లో ఉంటారు. ఇంకొకటి, వార్ లాగ్‌లో జర్నల్ డైరెక్టరీ ఉందో లేదో చూసుకోండి. లేని చోట్ల జర్నల్ మెమరీలో ఉండి, రీబూట్‌తో పోతుంది.

ఇక మీరు అడగండి.

(ఒక విద్యార్థిని: మెయిల్ కన్నా గ్రూపులో మెసేజీ వచ్చేట్టు పెట్టుకోవడం మంచిది కదా సార్?)

మంచిదే అమ్మా. జనం ఎక్కడ చూస్తారో అక్కడికి పంపాలి. కానీ ఇరవైమంది గ్రూపులో పడితే, ఎవరో చూసుకుంటారని ఇరవైమందీ అనుకుంటారు. ఫలానా జాబు తప్పితే ఫలానావాళ్లది అని పేరు ఉండాలి. ఆ పేరు స్క్రిప్టు పైనే ఒక కామెంటుగా రాసిపెట్టు. మనిషి ఉద్యోగం మారితే ముందు ఆ లైను మార్చాలి. ఇంకోటి, గ్రూపుకు పోయే మెసేజీలో డేటాబేసు పాస్‌వర్డు, రైతుల ఖాతా నంబర్లు బయటపడకుండా చూసుకో. ఎర్రర్ మెసేజీలు ఒక్కోసారి కమాండు మొత్తాన్నీ అలాగే అచ్చేస్తాయి.

(వెనక వరసలో ఒకరు: జాబు ముగియకముందే ఇంకోసారి మొదలైతే?)

ఫ్లాక్ వాడండి. మైనస్ ఎన్ ఇస్తే, ముందుది ఇంకా నడుస్తుంటే రెండోది తప్పుకుంటుంది. ఎప్పటికీ ముగియని జాబుకు టైమ్‌అవుట్ కమాండు ఉంది. గడువు దాటితే ఆపి, 124 కోడు ఇస్తుంది. కోడు 124 అయితే, తప్పింది కాదు, ఇరుక్కుంది అని తెలుస్తుంది.

(ముందు వరసలో ఒకరు: సార్, మా ఆఫీసు క్రాన్‌టాబ్‌లో అరవై లైన్లున్నాయి. అన్నిటికీ చివర డెవ్ నల్, 2>&1. నేను చేరకముందు నుంచీ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?)

అరవై ఒక్కసారిగా ముట్టుకోకు తమ్ముడూ. ముందు మెయిల్‌టు పెట్టి, నేను చెప్పిన ఆ తప్పిపోయే జాబుతో ఉత్తరం నీకు చేరుతోందని తేల్చుకో. అది తేలేదాకా ఇంకేం చెయ్యకు. తరవాత డబ్బు లెక్క చూసే జాబులు అయిదు ఎంచుకుని, వాటి చివర 2>&1 మాత్రం తీసెయ్యి. డెవ్ నల్‌ను అలాగే ఉండనీ. మామూలు మాటలు అందులోకే పోతాయి, ఎర్రర్లు మాత్రం నీకొస్తాయి. మొదటి రాత్రి చాలా వస్తాయి, ఎప్పటివో ఉంటాయి, బెదరొద్దు. ఒక్కోటీ చదివి, దాని మూలం సరిచేసి, అప్పుడు తరవాతి అయిదింటికి వెళ్లు. బ్యాకప్‌లు రెండో విడతలో పెట్టుకో. మెయిల్ ఎక్కువైందని ఏ లైనుకూ మళ్లీ పాత ముక్క తగిలించకు, దానికి క్రానిక్ ఉంది. ల్యాప్‌టాప్ తెచ్చావా? భోజనాల తరవాత ఆ కిటికీ పక్కన కూర్చుందాం, మొదటి అయిదు లైన్లూ నాకు చూపించు.